మిట్ట గెలిచింది

మిట్ట మీద నుంచి,
గాలులు మొదలైన వారం

చిన్నీకి, వదిన దీవెనలు.

ఫోను చేద్దామని వంతెన దాకా దిగాను. సిగ్నల్ అందింది గానీ మీ క్లినిక్‌లో ఎవరో పన్ను పీకించుకుంటున్న అరుపు తప్ప నీ గొంతు వినపడలేదు. అందుకే ఈ ఉత్తరం. టపా జీపు వారానికోసారే కాబట్టి నీకు చేరేసరికి సంగతి చల్లారిపోతుంది, ఏం చేస్తాం.

మీ అన్నయ్య నీకు రాయమన్నది ముందు రాస్తాను. మన మిట్ట మీద విడిది ఇళ్లు కడతారట. సెలవులకొచ్చేవాళ్ల కోసం. చిత్తడి నేల అంచు పొడుగునా చెక్క ఇళ్లు, వాటికి అద్దాల కప్పులు. మంచం మీద పడుకునే చుక్కలు చూడొచ్చట. మేపుకునే హక్కు తప్ప నేల మనది కాదు కాబట్టి మనల్ని అడగాల్సిన పని వాళ్లకి లేదు. కొలతల వాళ్లు వచ్చి ఎర్ర రంగు పూసిన కర్రలు పాతి వెళ్లారు. మీ అన్నయ్య మందని దొడ్డికి తోలి, మళ్లీ వెళ్లి వాటన్నిటినీ పీక్కొచ్చి పొయ్యిలో పెట్టారు. ఇల్లంతా రంగు కంపు.

నోరు విప్పని మనిషికి కోపం వస్తే ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. కంచం ముందు కూర్చుంటారు, తినరు. "వాళ్లు కట్టిన రోజున నేనుండను" అన్నారు. ఉండకపోవడమంటే ఏమిటని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

నువ్వు నగరంలో నలుగురు తెలిసినదానివి. ఏం చెయ్యాలో ఆలోచించు.

నేను బాగానే ఉన్నాను. చేతులు పగిలాయి, అంతే.

మీ వదిన

*

నగరం నుంచి,
క్లినిక్ బల్ల దగ్గర కూర్చుని

వదినా,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండిపోయింది. తీతువులు గుడ్లు పెట్టే నేల మీద స్నానాల తొట్లు కడతారా! ఆ గడ్డిలోనే కదా నేను నడక నేర్చుకున్నది. అమ్మ ఎంత పిలిచినా పలక్కుండా, గడ్డిలో వెల్లకిలా పడుకుని మబ్బులు చూస్తూ ఉండేదాన్ని. ఇక్కడ కిటికీ తెరిస్తే ఎదురింటివాళ్ల కిటికీ. వేసవిలో మీ దగ్గర గడిపే ఆ వారం తల్చుకుంటూనే మిగిలిన ఏడాదంతా ఈడుస్తున్నాను. అదీ లాక్కుంటే నాకేం మిగుల్తుంది?

ఊరికే ఏడుస్తూ కూర్చోలేదులే. సంతకాలు పోగుచేస్తున్నాను. డాక్టరుగారు సూది వేసి, దవడ మొద్దుబారేదాకా జనాన్ని బయట కూర్చోబెడతారు కదా, సరిగ్గా అప్పుడు కాగితం ముందు పెడతాను. కాదనడానికి వాళ్లకి నోరు తిరగదు!

వాళ్లలో ఒక ప్లీడరుగారు దొరికారు. దంతాలన్నీ పాడైపోయాయి గానీ బుర్ర మాత్రం పాదరసం. అనుమతి ఇచ్చే ముందు అధికారి ఊళ్లో విచారణ పెట్టి అందరి మాటా వినాలట. "గొర్రెలకాపరి వద్దంటే మేత పోతుందని అంటున్నాడనుకుంటారు. పిట్టల పండితుడు వద్దంటే వాడి పనే అది అనుకుంటారు. అక్కడ కాపురం చేసే ఆడమనిషి లేచి, నాకు ఈ చోటు ఇలాగే కావాలి అంటే కాదనే దమ్ము ఎవడికీ ఉండదు" అన్నారు.

ఇంకెవరున్నారు వదినా, నువ్వు తప్ప?

చిన్ని

*

మిట్ట మీద నుంచి,
వాన తెరిపి లేని రోజు

చిన్నీకి,

మీ అన్నయ్య రోజూ వంతెన దాటి ఊళ్లో ఇంటింటికీ తిరుగుతున్నారు. ఊరు రెండుగా చీలింది. టీ కొట్టు ఆయన ఇళ్లు రావాలంటాడు. "నువ్వు గొర్రెల్ని చూసుకుని బతుకుతావు, నా కొట్టుకి గొర్రెలు టీ తాగడానికి వస్తాయా?" అన్నాడట. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే పలక మీద దిద్దుకున్న వాళ్లు. ఇప్పుడు ఎదురుపడితే తల తిప్పుకుంటున్నారు.

నేను మాట్లాడాలంటున్నావు. మాట్లాడటం ఎప్పుడో మరిచిపోయాను. మొన్న నీళ్లు తోడుతూ నాలో నేనే ఏదో అనుకుంటుంటే, గొర్రెలు మేత ఆపి తలెత్తి చూశాయి.

ఒక సంగతి. కంపెనీ తరఫున ఒకావిడ ఇంటికి వచ్చింది. మీ అన్నయ్య మంద వెంట వెళ్లారు. వాకిట్లోంచే పంపించేయాల్సిందే. కానీ ఆవిడ బూట్ల నిండా బురద, చలికి పళ్లు టకటకమంటున్నాయి. లోపలికి పిలిచి టీ ఇచ్చాను. ఇళ్ల మాట ఎత్తుతుందేమో, గట్టిగా చెప్పి పంపిద్దామని కాచుకుని కూర్చున్నాను. ఎత్తలేదు. "పెళ్లికి ముందు ఏం చేసేవారండీ?" అని అడిగింది.

లాండ్రీలో చేసేదాన్నని చెప్పాను. ఇస్త్రీ హాల్లో ఇరవైమంది ఆడవాళ్లం. ఆవిరికి జుట్టంతా నుదుటికి అంటుకుపోయేది. ఒక దుప్పటికి ఇద్దరం, చెరో అంచూ పట్టుకుని విదిల్చేవాళ్లం, ఫట్‌మని మోగేది. ఆ చప్పుళ్ల మధ్యే ఒకళ్ల కాపురం సంగతులు ఇంకొకళ్లకి చెప్పుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం. ఆవిడ పొద్దు వాలేదాకా కూర్చుని విన్నది. ఈ ఇంట్లో ఇన్నేళ్లున్నాను, ఆ మాట ఎవరూ అడగలేదు.

మీ అన్నయ్యతో అనలేదు. నువ్వూ అనకు.

వదిన

*

నగరం నుంచి

వదినా,

టీ ఇచ్చావా! కూర్చోబెట్టి కబుర్లు చెప్పావా! నువ్వు మరీ మెత్తనిదానివి. వాళ్లు అలాగే వస్తారు. ముందు చలి అంటారు, తర్వాత టీ అంటారు, చివరికి ఇల్లే తమదంటారు. ఇంకోసారి వస్తే తలుపు తియ్యకు. అన్నయ్యకి తెలిస్తే కుమిలిపోతాడు.

విచారణ తేదీ వచ్చింది. నాకు రావాలని ప్రాణం కొట్టుకుంటోంది గానీ ఆ వారమంతా డాక్టరుగారికి ఊపిరి సలపని పని. సెలవడిగితే ఉద్యోగమే వదులుకోమన్నారు. అందుకని నువ్వేం చెప్పాలో నేనే రాసి, ప్లీడరుగారికి చూపించి, దీనితో పంపుతున్నాను. "ఆ గాలి నా తోడు. ఆ నిశ్శబ్దం నా ఇల్లు. దీపాలు వెలిగిస్తే నా చీకటి నాక్కాకుండా పోతుంది" అన్నచోట ఒక్క క్షణం ఆగు. అది చదివినప్పుడు ప్లీడరుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి, పంటినొప్పి వల్ల కాదు.

చిత్తడి గురించి, తీతువుల గురించి రాసింది ముమ్మాటికీ నిజం. ఒక పిట్టల పండితుణ్ణి అడిగి రాశాను. ఒక్క అక్షరం మార్చకు. నీ గొంతులో వింటే రాళ్లయినా కరగాలి.

చిన్ని

*

మిట్ట మీద నుంచి,
విచారణ అయ్యాక

చిన్నీకి,

నువ్వు ఎదురు చూస్తుంటావు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వంతెన అవతల బడిలో పెట్టారు. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లం మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాం. బల్ల మీద కంపెనీ వాళ్లు అట్టతో కట్టిన బొమ్మ ఊరు పెట్టారు. దూదితో చెట్లు, చీమంత మనుషులు. మన మిట్టమీద ఇన్ని చెట్లెక్కడివని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ వెళ్లి చూశాను. వెనక మూలన అగ్గిపెట్టంత గది ఒకటుంది. దానికి రంగు కూడా వెయ్యలేదు.

అధికారికి జలుబు. వేణ్ణీళ్లు తాగుతూ అందరూ చెప్పేది రాసుకున్నాడు. టీ కొట్టు ఆయన బాగా మాట్లాడాడు. ఉన్నమాట చెప్పాలి కదా. "పిల్లలకి ఇక్కడ పని లేదు, ఒక్కొక్కళ్లే వెళ్లిపోతున్నారు, పిట్టలకి ఉన్నపాటి దిక్కు మాకు లేదా?" అన్నాడు. మీ అన్నయ్య లేచి రెండు మాటలు మాట్లాడి, మూడోది దొరక్క కూర్చున్నారు.

తర్వాత నన్ను పిలిచారు. నువ్వు రాసింది చదివాను. ఆగమన్నచోట ఆగాను. అయిపోయిందని కాగితం మడుస్తుంటే అధికారి తలెత్తాడు.

"కాగితం పక్కన పెట్టండమ్మా. ఊరికే అడుగుతున్నాను. బతికినంత కాలం అక్కడ, అలాగే, ఎవరూ లేకుండా ఉండాలని ఉందా మీకు?"

మీ అన్నయ్య ముందు వరసలో ఉన్నారు, మంచి కోటు వేసుకుని. దాని గుండీ ఒకటి ఊడితే పొద్దున నేనే కుట్టాను.

"అవునండీ" అన్నాను.

అంతే. అందరూ చప్పట్లు కొట్టారు. కంపెనీ ఆవిడ కూడా వచ్చింది, గోడవారన నిలబడి ఉంది. ఆవిడ కొట్టలేదు.

ఇంతవరకు రాసి మడిచిపెట్టాను. వానలకి జీపు రాలేదు. ఈలోగా తీర్పు వచ్చింది. అనుమతి ఇవ్వలేదు. నా మాటనే అందులో ఎత్తి రాశారట. మీ అన్నయ్య ఆ కాగితం పట్టుకుని గడ్డిలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక చూస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నువ్వు గెలిచావు.

వదిన

*

నగరం నుంచి

వదినా! నా బంగారు వదినా!

క్లినిక్‌లో గట్టిగా అరిచేశాను. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న పెద్దాయన భయపడి డాక్టరుగారి వేలు కొరికాడు. తిట్లు పడ్డాయి, పడనీ.

"నువ్వు గెలిచావు" అని రాశావేమిటి? గెలిచింది నువ్వు. నేను రాసింది ఉత్త కాగితం. ఆ "అవునండీ" నీది. ఇక్కడందరికీ అదే చెప్తున్నాను. సంతకాలు పెట్టినవాళ్లు కొందరు బస్సు మాట్లాడుకుని నిన్ను చూడ్డానికి వస్తామంటున్నారు. కాదనకు.

చిన్ని

*

మిట్ట మీద నుంచి,
బస్సు వచ్చి వెళ్లాక

చిన్నీకి,

మీవాళ్లు వచ్చారు. మంచివాళ్లు. వాకిట్లో నిలబడి చప్పట్లు కొట్టారు. నన్ను మధ్యలో నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. ఒకావిడ నా చేతులు పట్టుకుని, పగుళ్లు గుచ్చుకున్నాయో ఏమో వెంటనే వదిలేసి, "ఎంత అదృష్టవంతురాలివమ్మా, ఈ ప్రశాంతత మాకెక్కడిది!" అంది. అంటూనే వాచీ చూసుకుంది. చీకటి పడకుండా బస్సు వంతెన దాటాలట. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా వింటూ నిలబడ్డాను. తర్వాత ఎప్పటిలాగే గాలి.

ఇంక దాచలేను. నాకు ఆ ఇళ్లు రావాలని ఉంది చిన్నీ.

ఇళ్ల కోసం కాదు. వెనక మూలన రంగు వెయ్యని గది అన్నానే, అది దుప్పట్లు ఉతికి మడిచే గది. విచారణకి ముందే కంపెనీ ఆవిడ రెండోసారి వచ్చింది. నువ్వు వద్దన్నా తలుపు తీశాను. ఆ గది నాకే అప్పగిస్తామంది. ఊళ్లోంచి రోజూ జీపులో ఆడవాళ్లు వస్తారు, నీ కింద పనిచేస్తారు అంది. ఆ రోజు నుంచి గొర్రెలకి నీళ్లు పెడుతున్నా, పిడకలు సర్దుతున్నా, మనసులో దుప్పట్లు మడుస్తూనే ఉన్నాను. ఆ బొమ్మ ఊళ్లో అగ్గిపెట్టంత గదిని చూసి, వెర్రిదానిలా లోపల్లోపల మురిసిపోయాను.

నువ్వు ఎండాకాలం వస్తావు. పూలున్నప్పుడు. ఆ వారం నేను నవ్వుతూ ఉంటాను, నువ్వొచ్చావు కాబట్టి. నువ్వెళ్లాక మంచు దిగి, మీ అన్నయ్య మంద వెంట పోతే, నా గొంతు నాకే కొత్తగా అనిపిస్తుంది. సాయంత్రం వచ్చి "అన్నం" అంటారు. "పడుకుందాం" అంటారు. చెడ్డవారని కాదు. ఆయనకి ఆ రెండు మాటలు చాలు. నాకు చాలవు.

కడితే చిత్తడి ఎండిపోతుంది. తీతువులు మళ్లీ రావు. తెలుసు. నువ్వు రాసినదాంట్లో అబద్ధం లేదు, నేను తప్ప.

మరి ఎందుకు చదివావంటావు. ఆ కోటు గుండీ చూస్తూ "కాదండీ" అనలేకపోయాను. ఇప్పుడు అందరూ వచ్చి, ఆ అవునుని నా మెళ్లో దండలా వేసి పోతున్నారు.

వదిన

*

నగరం నుంచి

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు వారాలు కలం పట్టలేదు. పట్టినా తిట్టడానికే పట్టేదాన్ని. ఇప్పుడూ అంతే అనుకో.

నోరు లేదా నీకు? ఒక్క ముక్క నాకు రాసి ఉంటే ఇంకొకర్ని వెతుక్కునేదాన్ని. అన్నయ్య నిన్ను చూసుకుని ఎంత పొంగిపోయాడు! ఆ మనిషి ఎదట నిలబడి ఊరందరి ముందు అబద్ధం ఆడతావా? దుప్పట్లు ఉతుక్కునే ఉద్యోగం కోసమా ఇంత? అక్కడ ఉండలేకపోతే ఆ మాట మొదటి ఏడాదే అనాల్సింది. ఇన్నేళ్లూ నవ్వి, ఇవాళ నేనేదో నీ గొంతు నులిమినట్టు రాస్తే ఏం చెప్పను?

నేను వారం రోజులే వస్తానని ఎత్తిపొడిచావు. వారమే వస్తాను. నాకు దొరికేది అంతే.

చిన్ని

*

సముద్రపు ఒడ్డు నుంచి

చిన్నీకి,

పైన రాసిన చోటు చూసి ఉలిక్కిపడకు. మిట్ట మీద కాదన్నాక కంపెనీ వాళ్లు ఇక్కడి పనికి ఊపందించారు. ఇసకమేటల మీద ఒక వరస ఇళ్లు ముందే ఉన్నాయి, రెండోది కడుతున్నారు. కంపెనీ ఆవిడని అడిగాను. రమ్మంది.

మీ అన్నయ్యకి చెప్పే వచ్చాను. "కొన్నాళ్లు వెళ్లొస్తాను" అన్నాను. ఎక్కడికని అడగలేదు. పెట్టె పట్టుకుని వంతెన దాకా వచ్చారు. టీ కొట్టు దగ్గర బస్సు ఆగింది. కొట్టు ఆయన నన్ను చూసి, పెట్టెని చూసి, టీ ఇచ్చాడు.

ఇక్కడ గది నిండా మనుషులు. మొదటిరోజు వాళ్ల మాటల హోరుకి తల తిరిగింది. రెండో రోజు నేనూ నవ్వాను. సుఖంగా ఉన్నానని రాస్తే అబద్ధం. కంచె అవతల వలలు బాగుచేసే ముసలావిడ ఒకతె కూర్చుంటుంది. పలకరిస్తే మొహం తిప్పుకుంటుంది. ఆవిడ గుడిసె ఉన్న చోటే ఇప్పుడు మా దుప్పట్ల గది ఉందట.

నువ్వు తిట్టినవన్నీ నిజమే. మొదటి ఏడాదే అనాల్సింది. ఏమని అనాలో అప్పుడు తెలియలేదు.

మీ అన్నయ్యని ఒకసారి చూసిరా.

వదిన

*

మిట్ట మీద నుంచి

వదినా,

వచ్చాను. మొదటిసారి చలికాలంలో వచ్చాను. నీ బల్ల మీదే కూర్చుని రాస్తున్నాను. పొగ కళ్లలోకి కొడుతోంది.

అన్నయ్య చిక్కిపోయాడు. మంద సగమైంది. ఒక్కడి వల్ల కావట్లేదని మిగతావి అమ్మేశాడు. పొద్దున్నే వెళ్తాడు, పొద్దుగూకాక వస్తాడు. "అన్నం" అంటాడు. వారం కూడా కాలేదు, పొయ్యితో మాట్లాడటం మొదలుపెట్టాను. గడ్డంతా తడిసి నల్లబడింది. మబ్బు నేలకి దిగిపోయింది. పిట్ట లేదు. నేనెరిగిన మిట్ట ఇది కాదు. ఇదీ మిట్టేనని ఇన్నేళ్లూ నాకు తెలియదు, అంతే.

నిన్న అడిగేశాను. "వదిన ఎందుకు వెళ్లిందో తెలుసా?"

"తెలుసు" అన్నాడు.

"నేను చెప్పలేదే."

"ఆ చదివిన మాటలు నీవి. అది అలా మాట్లాడదు. అధికారి కాగితం పక్కన పెట్టమన్నప్పుడు భయమేసింది. కాదంటుందేమోనని. నా మొహం చూడలేదు, గుండీ చూసింది. చూసి అవునంది."

"అప్పుడే తెలిస్తే మరి ఎందుకు ఊరుకున్నావు?"

కర్ర ఒకటి పొయ్యిలోకి తోశాడు. "గెలిచాం కదా" అన్నాడు.

నాకు కోపం రాలేదు వదినా. రావాల్సింది. నేనూ అంతేగా. నీకేం కావాలో అడక్కుండానే నువ్వు చెప్పాల్సింది రాసి పంపాను. క్షమించమని అడగను. ఎప్పుడైనా నీకే అనిపిస్తే చూడు.

నీ సంగతి నాలుగుసార్లు అడిగాడు, పేరెత్తకుండా. "అక్కడ చలా?" అని.

చిన్ని

*

సముద్రపు ఒడ్డు నుంచి

చిన్నీకి,

మీ అన్నయ్య వచ్చి వెళ్లారు.

గేటు కాపలా ఆయన కబురు పంపితే ఎవరో అనుకున్నాను. ఆ కోటు వేసుకుని, టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. పనివాళ్లు తినే హాలుకి తీసుకెళ్లాను. మా గదిలోవాళ్లు నీళ్ల వంకతో ఒక్కొక్కరే వచ్చి చూసిపోతుంటే తలొంచుకుని తిన్నారు. పెట్టిందంతా తిన్నారు.

చూస్తానంటే ఒడ్డు వెంట నడిపించాను. రెండో వరసకి ఇసక తవ్వుతున్నారు. ఆ యంత్రం ముందు చాలాసేపు నిలబడిపోయారు. వలల ముసలావిడ కంచె అవతలే ఉంది.

"ఇక్కడ ఎవరూ అడ్డం పడలేదా?" అన్నారు.

"పడ్డారండీ. ఓడిపోయారు."

ఇసకలో కూలబడ్డారు. "అక్కడ మనం ఆపబట్టేనా ఇక్కడ తవ్వుతున్నారు?"

"ఇక్కడి పని ముందునుంచీ అనుకున్నదేనట. తొందరపడ్డారు, అంతే" అన్నాను. నాకు తెలిసింది అంతవరకే. ఆయన లేచి ముసలావిడ దగ్గరికి వెళ్లారు. ఏదో అన్నారు. ఆవిడ ఆయన మాటకీ పలకలేదు. వల కొస మాత్రం ఇటు జరిపింది, పట్టుకోమన్నట్టు. బస్సు వేళయ్యేదాకా ఆ కొస పట్టుకుని కూర్చున్నారు.

బస్సు దగ్గర అడిగారు. "వస్తావా?"

"రాను."

కోపం లేదు మొహంలో. సంచి పట్టీ సరిచేసుకున్నారు. "వాళ్లు అక్కడే కట్టి ఉంటే, ఉండేదానివి."

"ఉండేదాన్ని" అన్నాను.

తల పంకించి ఎక్కారు. కిటికీ పక్కన కూర్చుని అద్దం దించబోయారు. అది బిగుసుకుపోయింది. రెండు చేతులా లాగినా రాలేదు. బస్సు కదిలింది. లోపల్నుంచి ఏదో అన్నారు, మామూలుగా అనే రెండు మాటల కన్నా పొడుగ్గానే. ఒక్క ముక్క వినపడలేదు.

నేను తలూపాను.

వదిన